వచ్చే గురువారం మా ఇంట్లో మూడు ఓట్లు: ఇంటి అప్పు ఏ డబ్బులో తీర్చాలి?

గోదావరి_అబర్డీన్ (9 సెప్టెంబరు 2014)

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. అయిదేళ్లుగా అబర్డీన్‌లో ఉంటున్నాం. మా వారు ఉత్తర సముద్రపు చమురు బావులకు పైపులైన్లు రూపొందించే ఇంజనీరు. నేను ఒక బడిలో సహాయ ఉపాధ్యాయినిని. మా అబ్బాయికి మార్చిలో పదహారు నిండాయి. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా వద్దా అని 18న జరిగే ఓటింగులో మా ముగ్గురికీ ఓటుంది. మేం ఇంకా భారత పౌరులమే, కానీ ఇక్కడ నివసించే కామన్వెల్త్ దేశాల వారికీ, పదహారేళ్లు నిండిన పిల్లలకీ ఈసారి ఓటిచ్చారు.

ఇక్కడి బ్రిడ్జ్ ఆఫ్ డాన్ అనే పేటలో ఒక చిన్న ఇల్లు చూశాం. అప్పు మంజూరు చేస్తూ బ్యాంకు పంపిన కాగితాలు నాలుగు రోజులుగా భోజనాల బల్ల మీదే ఉన్నాయి. పాతికేళ్ల అప్పు, పౌండ్లలో. సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. స్వతంత్రం వస్తే మా వారి జీతం ఏ డబ్బులో వస్తుంది? అప్పు ఏ డబ్బులో కట్టాలి? పౌండును పంచుకునేది లేదని బ్రిటన్ ఆర్థికమంత్రి ఆస్బోర్న్ ఫిబ్రవరిలో ఎడిన్‌బరా వచ్చి మరీ చెప్పి వెళ్లారు. అదంతా బెదిరింపే, ఓటయ్యాక దిగివస్తారని స్వతంత్రం కోరుతున్న స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత సామండ్ గారు అంటున్నారు. స్వతంత్రం వస్తే ఏం చేస్తామో స్కాట్లాండ్ ప్రభుత్వం రాసిన ఆరు వందల పైచిలుకు పేజీల శ్వేతపత్రాన్ని గ్రంథాలయంలో కూర్చుని, డబ్బు గురించి రాసినంత వరకు రెండుసార్లు చదివాను. పౌండే ఉంటుందని ఉంది. లండన్ వాళ్లు ఒప్పుకోకపోతే ఏమిటన్నది నాకు దొరకలేదు.

మొన్న ఆదివారం ఒక సర్వేలో మొదటిసారి ‘అవును’కు 51, ‘కాదు’కు 49 వచ్చింది. సోమవారం పౌండు విలువ పడిపోయింది. ఆ రోజే నాన్నగారి మందులకు డబ్బు పంపాను, చేరిన రూపాయలు తగ్గాయి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. జూన్ 2న మన రాష్ట్రం రెండయినప్పుడు మా వీధిలో ఎవరినీ ఇలా చీటీ ఇచ్చి అడగలేదు. ఇక్కడ అయిదేళ్ల కిందట వచ్చిన నన్ను అడుగుతున్నారు. అందుకే తేలిగ్గా ఓటు వేసి రాలేను. మా అబ్బాయి ‘అవును’ అంటున్నాడు, మా వారు ‘కాదు’ అంటున్నారు. నేనే తేల్చుకోలేకపోతున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు, ఎడిన్‌బరా (11 సెప్టెంబరు 2014)

అమ్మా, పింఛను నిధుల లెక్కలు చూసే పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. నా ఓటు ‘కాదు’. ఆ సంగతి ముందే చెబుతున్నాను కనుక నా మాటలను ఆ మేరకు తూచుకోండి.

స్వతంత్ర స్కాట్లాండ్‌కు నాలుగు దారులున్నాయి. లండన్ ఒప్పుకుంటే పౌండును కలిసి వాడుకోవడం, ఒప్పుకోకపోయినా వాడుకోవడం, సొంత కరెన్సీ ముద్రించుకోవడం, ఎప్పటికో యూరోలో చేరడం. రెండోదాన్ని ఎవరూ ఆపలేరు. కానీ అప్పుడు వడ్డీ రేటు నిర్ణయించడంలో మనకు మాట ఉండదు. బ్యాంకులు మునిగే వేళ నోట్లు అచ్చువేసి ఆదుకునే కేంద్ర బ్యాంకూ ఉండదు. 2008లో ఇక్కడి పెద్ద బ్యాంకులు కూలబోతే నిలబెట్టింది లండన్ ఖజానా. ఇక్కడి బ్యాంకుల ఆస్తులు స్కాట్లాండ్ ఏడాది ఉత్పత్తికి సుమారు పన్నెండు రెట్లు. ‘అవును’ గెలిస్తే నమోదిత కార్యాలయాలను లండన్‌కు మారుస్తామని పెద్ద బ్యాంకులు ఈ వారమే చెప్పడానికి కారణం అదే. ఉద్యోగాలన్నీ రేపే తరలిపోతాయని కాదు, ఆపద వస్తే పూచీ ఎవరిదన్నదే వాళ్ల బెంగ.

చరిత్రలో రెండు రకాల కథలూ ఉన్నాయి. 1922లో బ్రిటన్ నుంచి విడిపోయిన ఐర్లాండ్ 1928లో సొంత నోట్లు వేసుకుంది. అయినా 1979 దాకా తన పౌండును బ్రిటిష్ పౌండుకు సమానంగానే ఉంచింది. చెక్, స్లొవాక్ దేశాలు 1993 జనవరి 1న విడిపోయి, ఉమ్మడి కరెన్సీ కొనసాగిస్తామనే అన్నాయి. అది ఆరు వారాలైనా నిలవలేదు. పాత నోట్ల మీద స్టాంపులు అతికించి రెండు కరెన్సీలుగా వేరుచేశారు. జనం ముందే డబ్బును చెక్ వైపు తరలించడం మొదలుపెట్టారు. నేను భయపడేది దీనికే. ప్రభుత్వాలు మాట తప్పకపోయినా, తప్పుతాయేమోనని జనం అనుకుంటే చాలు.

మీ అప్పు విషయానికి వస్తే, ఒప్పందంలో ‘పౌండ్ స్టెర్లింగ్’ అని ఉంటుంది. జీతం కొత్త కరెన్సీలోకి మారి, దాని విలువ పడి, అప్పు మాత్రం పాత పౌండులోనే మిగిలిపోతే నెలసరి వాయిదా బరువవుతుంది. మీకున్న అసలు ప్రమాదం అదొక్కటే. 18 దాకా సంతకం పెట్టకండి. కరెన్సీ మారితే ఏం చేస్తారని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే అదీ ఒక సమాధానమే.

ఇంకొకటి, మీ వారి జీతం చమురుది. వేసవిలో బ్యారెల్ 115 డాలర్లు ఉండేది, ఇప్పుడు నూరు కంటే కిందికి వచ్చింది. ఓటు ఎటు పడినా దాని మీద ఒక కన్ను వేసి ఉంచండి.

గ్లాస్గో_డాక్టరమ్మ (13 సెప్టెంబరు 2014)

మాస్టారి లెక్కలతో నాకు పేచీ లేదు. అయితే ఆయన ఒక పక్కనున్న అనిశ్చితినే తూచారు. ‘కాదు’ అంటే అంతా నిశ్చింతగా ఉంటుందని మీకెవరు హామీ ఇచ్చారు? వచ్చే ఎన్నికల్లో గెలిస్తే 2017లోపు యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న ఓటింగు పెడతానని బ్రిటన్ ప్రధాని కామెరాన్ నిరుడు జనవరిలోనే మాటిచ్చారు. స్వతంత్ర స్కాట్లాండ్ యూనియన్‌లో చేరడం చాలా కష్టమని యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడు బరోజో అన్నది అందరికీ గుర్తుంది. బ్రిటన్‌తో పాటే మనమూ బయటికి పోవచ్చన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఇక్కడి 59 పార్లమెంటు స్థానాల్లో పాలక కన్జర్వేటివ్ పార్టీకి ఉన్నది ఒక్కటే. అయినా మా పేటలో వికలాంగుల భృతికి కోత ఎంతో వాళ్లే నిర్ణయిస్తున్నారు. ఆ కోత పడినవాళ్లు నా గదికి వస్తారు. మందు రాసివ్వగలను, అంతకు మించి నా చేతిలో లేదు. నాకు ఇల్లుంది, అప్పు తీరింది, అందుకే ధైర్యంగా మాట్లాడుతున్నానని మీరనవచ్చు. అది నిజమే. అయినా నా ఓటు ‘అవును’. మీ అబ్బాయి మాట ఒకసారి పూర్తిగా వినండి, పాతికేళ్ల తర్వాత ఈ దేశంలో ఉండేది వాడు.

ఓరుగల్లు_డండీ (14 సెప్టెంబరు 2014)

అక్కా, ఓటింగు గురించి మాస్టారు, డాక్టరుగారు చెప్పారు. రాష్ట్రం గురించి మీరన్న మాటకు మాత్రం జవాబివ్వాలనిపించింది. మా నాన్నగారు 1969 ఉద్యమంలో విద్యార్థి. మాకూ ఎవరూ చీటీ ఇవ్వలేదు, వీధుల్లోకి వచ్చి అడగాల్సి వచ్చింది. మీ బాధను కాదనను. కానీ జూన్ 2 తర్వాత రూపాయి అదే, పాస్‌పోర్టు అదే, సైన్యం అదే. రాజధాని, నీళ్లు, అప్పుల పంపకం మీద కీచులాట ఉన్నా తీర్పు చెప్పడానికి పైన ఢిల్లీ ఉంది. ఇక్కడ విడిపోతే ఆ పైవాడే ఉండడు. ఇక్కడి ఫాస్‌లేన్ నౌకాస్థావరంలోని బ్రిటన్ అణు జలాంతర్గాముల నుంచి జాతీయ రుణం దాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. అందుకు శ్వేతపత్రం పెట్టుకున్న గడువు 2016 మార్చి 24. ఏడాదిన్నర చాలదని నా అభిప్రాయం.

గోదావరి_అబర్డీన్ (19 సెప్టెంబరు 2014)

అందరికీ ధన్యవాదాలు. రాత్రంతా టీవీ ముందే ఉన్నాం. ‘కాదు’కు 55 శాతం, ‘అవును’కు 45 శాతం వచ్చాయి. నూటికి దాదాపు 85 మంది ఓటేశారు. గ్లాస్గో, డండీ ‘అవును’ అన్నాయి, మా అబర్డీన్ ‘కాదు’ అంది. నేనూ ‘కాదు’ అనే వేశాను. పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి నా చెయ్యి కదిలింది ఆ చెక్ నోట్ల కథ గుర్తొచ్చే. మా అబ్బాయి పొద్దున ఏమీ తినకుండా బడికి వెళ్లాడు. వాడి తల నిమరబోతే పక్కకు తప్పుకున్నాడు.

గోదావరి_అబర్డీన్ (20 జనవరి 2015)

మాస్టారూ, మీ చివరి పేరా గురించి చెప్పాలని వచ్చాను. బ్యారెల్ యాభై డాలర్ల కిందికి పడింది. మా వారి కాంట్రాక్టును డిసెంబరుతో ముగించారు. మీరు చెప్పినట్టు బ్యాంకుకు రాశాను. జవాబు రాలేదు, ఆ ఇల్లు వదులుకున్నాం. సంతకం పెట్టి ఉంటే ఇప్పుడు ఏమయ్యేదో తలుచుకోవడానికే భయంగా ఉంది. ఎడిన్‌బరాలోగాని, గ్లాస్గోలోగాని పైపులైన్ల పని తెలిసినవారికి ఉద్యోగం ఉందని వింటే దయచేసి ఇక్కడే రాయండి.