‘జపిన్’ అన్న మాట ఎక్కడిది?

ప్రశ్న: మలయ్ వాళ్ల జానపద నాట్యం పేరు ఒకచోట జపిన్ అని, ఇంకోచోట జెపిన్ అని, మరోచోట జఫిన్ అని కనిపిస్తోంది. ఏది సరైనది? అసలది మలయ్ మాటేనా?

జవాబు: మాట అరబ్బీదండీ. ‘జఫన’ అంటే అడుగులు వేస్తూ ఆడటం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వ్యాపారానికీ మతబోధకూ వెళ్లిన అరబ్బుల ద్వారా ఈ ఆట సుమత్రా, రియావ్, జొహోర్ తీరాలకు చేరింది. 18వ శతాబ్దం చివర సుమత్రాలోని సియాక్ గద్దెనే హద్రమీ సయ్యదుల వంశం ఎక్కింది. అందుకే ఇది రేవుల్లోనే ఉండిపోక రాజాస్థానాల్లోకీ వెళ్లింది.

మలయ్ సొంత మాటల్లో ‘ఫ్యాను’లో పలికే ఫ లేదు. అరబ్బీ ‘ఫికిర్’ చాలామంది నోట ‘పికిర్’ అవుతుంది. మనమూ తూఫాన్‌ని తుపాను చేసుకున్నాం కదా! మొదటి అక్షరమూ అంతే. ‘జూ పార్కు’లోని జ కొన్నిచోట్ల ‘జనం’లోని జగా మారింది. పశ్చిమ కలిమంతన్‌లో జెపిన్, బ్రూనైలో జిపిన్ అలా వచ్చినవే. జంబి వైపు దానా అనీ, లాంపుంగ్‌లో బెదానా అనీ వేరే పేర్లున్నాయి. కాబట్టి ఏ ఊరి ఆట గురించి రాస్తే ఆ ఊరి పేరే రాయాలి. మామూలుగా అయితే ‘జపిన్’ చాలు.

ఆటలో నాకు బాగా నచ్చేది దాని నిర్మాణం. ముందు గంబుస్ అనే తంత్రీవాద్యం ఒక్కటే ఆలాపనలా సాగుతుంది. దాన్ని తక్సీమ్ అంటారు. ఆ సమయంలో ఆడేవాళ్లు సలాం చేస్తారు. తర్వాత మర్వాస్ అనే చిన్న చేతి డోళ్లు అందుకుంటాయి. ఒకరి దెబ్బల మధ్య ఖాళీని ఇంకొకరు నింపుతారు. పాట మధ్యలో డోళ్లు ఒక్కసారిగా జోరందుకునే ఘట్టం కొపక్. అప్పుడు గెంతులు, కూర్చుని లేవడాలు ఉంటాయి. వాద్యాలూ తక్సీమ్ అన్న మాటా అరబ్బు దేశానివి, పాడేది మాత్రం మలయ్ పాంతున్ పద్యాలు. ఒకప్పుడు మగవాళ్లే ఆడేవారు, ఆడవాళ్లు తర్వాత చేరారు. 1950ల మలయ్ సినిమాలు దీన్ని ఊరూరికీ తీసుకెళ్లాయి.

మరొకరు: హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన వాళ్ల పూర్వీకులూ హద్రమౌత్ వాళ్లే కదండీ, నిజాం సైన్యంలో పనిచేసినవాళ్లు. పెళ్లిళ్లలో మోగే మర్ఫా, ఈ మర్వాస్ ఒకటేనా?

జవాబు: మంచి ప్రశ్న అడిగారు. మనుషులు వచ్చిన చోటు ఒకటే, కానీ ఆ రెండూ వేర్వేరు డోళ్ల పేర్లు. వినడానికి దగ్గరగా ఉన్నాయని కలిపేయకూడదు. ఒకే నేల నుంచి బయల్దేరినవాళ్లు ఇక్కడ పెళ్లి ఊరేగింపు సంగీతాన్నీ, అక్కడ జపిన్‌నీ నిలబెట్టారు. బార్కస్ పెద్దవాళ్లు ఎవరైనా ఈ గ్రూపులో ఉంటే, మీ ఇళ్లలో ‘జఫిన్’ అన్న మాట వినపడుతుందేమో దయచేసి చెప్పండి.