చెన్నైలో మధ్యాహ్నపు గాలికి లేజర్ పడవను ఎలా అదుపు చేస్తున్నారు?

నెల్లూరు కిరణ్:
హార్బర్‌లో లేజర్ మీద, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ మీద, సెయిలింగ్ నేర్చుకుంటున్నాను. పొద్దున గాలికి బాగానే నడుస్తోంది. మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి అందుకుందంటే మాత్రం టెన్షన్. ఒక్క విసురుకే పడవ ఒరిగిపోతుంది. చుక్కాని ఎంత లాగినా మాట వినదు. మీరేం చేస్తున్నారు?

తెరచాప బాబాయ్:
చుక్కానితో కుస్తీ పట్టకు తమ్ముడూ. ఒరిగిన పడవ దానంతటదే గాలి వైపు తిరగబోతుంది. నువ్వు ఎదురు లాగితే నీళ్లలో బ్రేకు వేసినట్టే. ముందు మెయిన్‌షీట్ (తెరచాపను లోపలికి లాగే తాడు) వదులు, పడవ నిటారుగా లేచాక మళ్లీ లాక్కో. గాలి వేగం 10 నాట్స్ నుంచి 20కి పెరిగితే తెరచాప మీద ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. అందుకే కాస్త వదిలితే సరిపోదు. నీళ్ల మీద నల్లటి మచ్చలా విసురు మీదికొస్తూ కనిపిస్తుంది చూడు, అది తాకకముందే పాదాలు పడవ లోపలి స్ట్రాప్ (పట్టీ) కింద బిగించి ఒళ్లంతా బయటికి వాల్చాలి. తాకాక వాలితే అప్పటికే ఆలస్యం. ఇంకోటి, తాడు చేతికి చుట్టుకోవద్దు.

రాయపురం విజ్జి:
బాబాయ్ గారు వ్యాంగ్ (బూమ్‌ను, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డకర్రను, కిందికి లాగి పట్టే తాడు) సంగతి వదిలేశారు. గాలికి ఎదురెళ్లేటప్పుడు కన్నింగ్‌హామ్ (తెరచాప ముందంచును కిందికి లాగే తాడు), అవుట్‌హాల్ (అడుగంచును బిగించే తాడు), వీటితో పాటు వ్యాంగ్ కూడా గట్టిగా బిగిస్తే తెరచాప చదునవుతుంది, పడవ తక్కువ ఒరుగుతుంది. కానీ అలాగే ఉంచి గాలివాటుకు తిరిగితే బూమ్ చివర నీళ్లలో తగులుతుంది, అంతే, బోల్తా. తిరగబోయే ముందు కొంచెం వదలాలి. అలాగని మరీ వదిలేస్తే పైభాగం ముందుకు తెరుచుకుని పడవ అటూ ఇటూ ఊగుతుంది, చివరికి గాలి వచ్చే వైపే మీద పడుతుంది. ఆ ఊపు మొదలవగానే షీట్ కొంచెం లోపలికి లాగండి.

నెల్లూరు కిరణ్:
థ్యాంక్సండీ. నేను 58 కిలోలే. బరువు చాలకపోవడమేనా సమస్య?

రాయపురం విజ్జి:
కొంతవరకు. పెద్ద తెరచాప 7.06 చదరపు మీటర్లు. అదే పడవకి 5.76ది, 4.7ది కూడా ఉన్నాయి. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ చేసింది ఆ 5.76తోనే. మొహమాటం లేకుండా చిన్నది అడగండి.

గాలిపటం:
గట్టి గాలిలో జైబ్ (గాలి వెనక నుంచి వస్తుండగా తెరచాపను అటు నుంచి ఇటు మార్చడం) చేయకండి. గాలి వైపు చుట్టూ తిరిగి టాక్ (ముక్కును గాలికి ఎదురుగా తిప్పి పక్క మార్చడం) చేసుకోండి.

తెరచాప బాబాయ్:
నేర్చుకునేటప్పుడు సరే గానీ, ఎప్పటికీ అదే అంటే ఒప్పుకోను. అల మీద పడవ జోరుగా జారుతున్నప్పుడు తెరచాప మీద గాలి భారం తగ్గుతుంది, జైబ్‌కి అదే అదను. భయపడి నెమ్మదించాక తిప్పితేనే బూమ్ విసురుగా వస్తుంది.

గాలిపటం:
బోల్తా పడితే మాత్రం పడవ వదిలి ఈదకండి. సముద్రపు గాలైతే గోడ రాళ్ల వైపు నెడుతుంది, పడమటి గాలైతే సముద్రం లోపలికి లాక్కెళ్తుంది, అది ఇంకా ప్రమాదం. ముందు ముక్కు గాలికి ఎదురు తిప్పండి, తర్వాత సెంటర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే పలక) ఎక్కి లేపండి. తెరచాప గాలి వచ్చే వైపు ఉండగా లేపితే లేచిన పడవ మళ్లీ మీ మీదికే తిరగబడుతుంది. షీట్ పూర్తిగా వదిలి ఉందో లేదో కూడా చూసుకోండి.