మొదటి ఛాన్స్ ఇచ్చిన నిర్మాతకి ఎంతకాలం రుణపడి ఉండాలి?

పెన్నాగట్టు:
మన నెల్లూరు జిల్లా అలిమిలిలో పుట్టిన మల్లెమాల సుందరరామిరెడ్డి గారు (అందరికీ ఎమ్మెస్ రెడ్డి) పాటలు రాస్తూనే నిర్మాతగా ఎంతమందిని తెర మీదకు తెచ్చారో ఇప్పటి పిల్లలకి తెలియదు. 1989లో ‘అంకుశం’తో విలన్ రామిరెడ్డి పరిచయమయ్యాడు. అంతకుముందు ఆయన విలేకరి. 1997లో అంతా పిల్లలతోనే ‘రామాయణం’ తీశారు, రాముడు జూనియర్ ఎన్టీఆర్. ముక్కూమొహం తెలియని వాళ్ళ మీద డబ్బు పెట్టాలంటే గుండె కావాలి. పైకొచ్చినవాళ్ళు ఆ నిర్మాత అడిగితే తక్కువకైనా చేయాలని నా అభిప్రాయం.

కావలి కుర్రోడు:
‘అంకుశం’ నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి గారు. ఎమ్మెస్ రెడ్డి గారి అబ్బాయి.

పెన్నాగట్టు:
ఇల్లు ఒకటే కదబ్బా.

కావలి కుర్రోడు:
ఇల్లు ఒకటే, పేరు ఒకటి కాదు. ఆ సినిమాలో ఎమ్మెస్ రెడ్డి గారు ముఖ్యమంత్రి వేషం వేశారు. డైరెక్టరు కోడి రామకృష్ణ గారు. రామిరెడ్డి వీళ్ళలో ఎవరికి రుణపడాలి? ముందది తేల్చండి.

కోకిల:
తలుచుకోవడం వేరు, తక్కువకి చేయడం వేరు. నేను ఆరేళ్ళు నెల్లూరులో ఒక ఆర్కెస్ట్రాలో పాడాను. జొన్నవాడ కామాక్షమ్మ ఉత్సవాల్లో రాత్రి పదింటికి స్టేజీ ఎక్కితే దిగేటప్పటికి కోళ్ళు కూసేవి. కవరులో నూట యాభై పెట్టేవాడు మా మేనేజరు. కమిటీ ఎంతిచ్చిందని ఒకసారి అడిగాను. “నీకు మైకు పట్టుకోవడం నేర్పింది ఎవరు?” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆరేళ్ళు నడిపాడు.

బాడుగ మైకుసెట్టు:
అక్కా, మా నాన్న ట్రూపు నడిపాడు. కమిటీ ఇచ్చేది మాత్రమే మీకు కనిపిస్తుంది. వ్యాను బాడుగ, జనరేటరు, కీబోర్డు వాయించేవాడికి ముందే ఇవ్వాల్సిన అడ్వాన్సు ఎవరికీ కనపడవు. ఒక కార్తీకమాసం తుఫానుకి మూడు ప్రోగ్రాములు పోయాయి. కమిటీవాళ్ళు అడ్వాన్సు వెనక్కి అడిగారు. అమ్మ గాజులు కుదువ పెట్టి కట్టాడు. పాడేవాళ్ళు ఒక్కరైనా “మా కవరు వద్దులే అన్నా” అన్నారా?

దర్గామిట్ట:
రెండు వైపులా న్యాయం ఉంది.

పెన్నాగట్టు:
నేను చెప్పేదీ అదే. బాలు గారిని చూడండి. 1966లో తొలి పాట పాడించిన సంగీత దర్శకుడు కోదండపాణి గారి పేరే తన రికార్డింగ్ థియేటరుకి పెట్టుకున్నారు. నెల్లూరోడి విశ్వాసం అంటే అది.

కోకిల:
బాలు గారు తనంతట తాను పెట్టుకున్నారు. కోదండపాణి గారు అడిగి పెట్టించుకోలేదు. మీరు అడిగి పెట్టించుకోమంటున్నారు.

బాడుగ మైకుసెట్టు:
ఆ మేనేజరే లేకపోతే మీరు ఎక్కడుండేవాళ్ళక్కా? వంటింట్లోనే కదా.

కోకిల:
అవును, వంటింట్లోనే పాడుకునేదాన్ని, అక్కడ నా పాట నాదే. నూట యాభై గురించి కాదు తమ్ముడూ నా బాధ. ఆరేళ్ళలో ఒక్క కరపత్రం మీద నా పేరు వేయలేదు. ఆర్కెస్ట్రా పేరు, మధ్యలో మేనేజరు ఫోటో, కింద ‘ప్రముఖ గాయనీగాయకులచే’. మా అమ్మకి చదువు రాదు. కరపత్రం తెచ్చి, ఇందులో నువ్వెక్కడ అని అడిగేది. నేను ఆ ‘గాయనీ’ దగ్గర వేలు పెట్టి చూపించేదాన్ని.

కావలి కుర్రోడు:
నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది పేరు గురించే.

బాడుగ మైకుసెట్టు:
వంటింటి మాట అనకుండా ఉండాల్సింది, తప్పే. కానీ నాన్న పోయినప్పుడు ఆయన దగ్గర పాడినవాళ్ళలో ఇద్దరే వచ్చారు. అదీ నా మంట.

కోకిల:
మీ నాన్న గారి కరపత్రాలు దాచారా?

బాడుగ మైకుసెట్టు:
ఇప్పుడే ట్రంకుపెట్టె తీసి చూశాను. నలభై దాకా ఉన్నాయి. పాడినవాళ్ళ పేర్లు ఒక్కదాని మీదా లేవక్కా.