"బిళ్ళ కట్టింది" అంటారా, "గడ్డ" అంటారా?

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం మా నాలుగేళ్ళ పాపకి తలకి నూనె పెడుతుంటే మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట శనగ గింజంత ఏదో వేలికి తగిలింది, అటూ ఇటూ జరుగుతోంది, నొక్కితే నొప్పి లేదంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, మెడలో గడ్డ ఉందని మా ఆయనకి ఫోన్ చేశా. కింది పోర్షన్ ఆంటీ చూసి "గిల్టీ హై బేటా, సర్ మే జూ తో నహీ?" (బిళ్ళ కట్టింది, తలలో పేలు లేవు కదా?) అన్నారు. సాయంత్రం వీడియో కాల్‌లో మా అత్తమ్మ "గడ్డ అనకు బిడ్డా, బిళ్ళ కట్టింది గంతే, తలల పుండు గిట్ల ఉన్నదేమో సూడు" అంది. దువ్వి చూస్తే నిజంగానే పేలకి గోకి గోకి చెవి వెనక పుండు చేసుకుంది.

అప్పట్నుంచి ఆ మాటే మనసులో తిరుగుతోంది. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, చేతికి చీము పడితే చంకలో, తలలో కురుపు లేస్తే మెడలో. బిళ్ళ కట్టిందనగానే పెద్దవాళ్ళు పుండెక్కడుందని వెతుకుతారు, గడ్డ అనగానే మనం భయపడతాం. ఈ బిళ్ళనే పుస్తకాల్లో శోషరస గ్రంథి (లింఫ్ నోడ్) అని రాస్తారు, ఆ మాట విని ఏ అమ్మమ్మైనా తల దువ్వి చూస్తుందా? మీ వైపు ఏమంటారో చెప్పండి.

కామెంట్: మా గుంటూరులోనూ బిళ్ళలే అండీ. గవదబిళ్ళలు మాత్రం వేరు, పేరులో బిళ్ళ ఉన్నా అది లాలాజల గ్రంథి వాపు, చెవి కింద దవడ మూల కనపడకుండా ఉబ్బుతుంది. నాకొచ్చినప్పుడు మా అమ్మమ్మ మెడలో బంగారు గొలుసు వేసింది, తగ్గింది మాత్రం దానంతటదే.

కామెంట్: పాతవాళ్ళ గండమాల కూడా ఉంది కదా, బిళ్ళలు దండలా వరసగా వస్తాయని మాల అన్నారు. ఎక్కువగా టీబీ వల్ల వచ్చేది, ఇప్పటికీ మన దగ్గర పిల్లల్లో చూస్తాం.

కామెంట్: అక్కా, నేను పిల్లల వార్డులో నర్సుని. మాట బాగుంది కానీ బిళ్ళే కదా అని అన్నీ వదిలేయొద్దు. సెంటీమీటరు లోపు, మెత్తగా, జరుగుతూ ఉంటే చాలామంది పిల్లల్లో మామూలే, జలుబు తగ్గాక కూడా కొన్ని వారాలుంటుంది. రెండు సెంటీమీటర్లు దాటినా, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, పెరుగుతూ పోతున్నా, నాలుగు వారాలైనా తగ్గకపోయినా, కాలరెముక పైన వచ్చినా, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నా చూపించాలి. ఎర్రగా వేడిగా ఉంటే ఆ రోజే. సున్నం, బెల్లం పట్టీలు వేసి చర్మం కాలాక తెస్తారు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మెడ మధ్యలో ఉండి నాలుక బయటపెడితే పైకి జరిగేది బిళ్ళ కాదు, పుట్టుకతో మిగిలిన తిత్తి.

కామెంట్: మావాడికి పుట్టిన మూడో వారంలో మెడ పక్కన గట్టిగా తగిలింది, తల ఒకవైపే వంచేవాడు. అది కండరం గట్టిపడటం అన్నారు, ఫిజియోథెరపీతో ఏడాది లోపే పోయింది. దాన్ని మా ఇంట్లో కంతి అన్నారు, ఆ మాటకి మా ఆవిడ రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

నా జవాబు: అన్నా, చదువుతుంటే కళ్ళు తడిశాయి. చెల్లీ, చాలా థాంక్స్, నువ్వు చెప్పిందంతా స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకి పంపా. పాప పుండు ఎండుతోంది, బిళ్ళ ఇంకా ఉంది, క్యాలెండర్‌లో ఆ ఆదివారానికి సున్నా చుట్టి పెట్టా, నాలుగు వారాలు లెక్కపెడతా.