తిరుపతి, చిత్తూరు దారుల్లో కనిపించే స్పోర్ట్స్ కార్లు: దేన్ని నిజంగా అరుదైనది అనాలి?

కపిలతీర్థం రోడ్డు (తిరుపతి) అనే పేరుతో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. హైస్కూలు రోజుల నుంచి నాకు స్పోర్ట్స్ కార్లంటే ప్రాణం. ఫెరారీ, లాంబోర్గినీ వంటి కంపెనీల షోరూమ్‌లు మన ఊళ్లో లేకపోయినా, శ్రీవారి దర్శనానికి బెంగళూరు, చెన్నైల నుంచి సొంత వాహనాల్లో వచ్చే భక్తుల వల్ల అటువంటి కార్లు అలిపిరి దారిలో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి.

ఈ మధ్య ఒక రోజు తెల్లవారుజామున అలిపిరి తనిఖీ కేంద్రం వద్ద మేము వరుసలో నిలబడి ఉండగా, పక్క వరుసలో కర్ణాటక రిజిస్ట్రేషన్ ఉన్న పసుపు రంగు లాంబోర్గినీ ఒకటి వచ్చి ఆగింది. సిబ్బంది సామాను తనిఖీ చేస్తున్న ఆ కాసేపట్లో నేను దాన్ని కళ్లప్పగించి చూశాను. ఇంజిన్ సీట్ల వెనుక ఉంది. వెనుక దీపాలు వెడల్పుగా, అడ్డంగా ఉన్నాయి. అన్నింటికంటే నన్ను కట్టిపడేసింది మాత్రం రెండు సీట్ల మధ్య మెరుస్తున్న లోహపు పలక. అందులో గేర్లకు తగ్గట్టు చీలికలు కోసి ఉన్నాయి, వాటి మధ్య నుంచి గుండ్రని తల ఉన్న సన్నని రాడ్డు ఒకటి పైకి లేచి ఉంది. బండి కదిలేటప్పుడు వచ్చిన శబ్దం ఇంతకు ముందు ఇక్కడ విన్న ఏ కారు శబ్దానికీ దగ్గరగా లేదు.

ఈ విషయం మిత్రులతో చెప్పినప్పుడు ఒకరు లాంబోర్గినీ అంటేనే అరుదైనదని అన్నారు. మరొకరు ఆ కంపెనీ కొన్ని మోడళ్లను వేల సంఖ్యలో తయారు చేసింది కాబట్టి అది ఖరీదైన కారే గాని అరుదైన కారు కాదని వాదించారు. ఇంతకీ నేను చూసింది ఏ మోడల్? ఒక కారును అరుదైనది అనడానికి ధరను చూడాలా, తయారైన సంఖ్యను చూడాలా, లేక మరేదైనా ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

చిత్తూరు బైపాస్ జవాబు

మీరు గేర్ రాడ్డును గమనించి ఉండకపోతే ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టమయ్యేది. ఆ లోహపు పలక, అడ్డంగా ఉన్న వెనుక దీపాలు, రెండూ కలిపి చూస్తే మీరు చూసింది తొలి తరం గల్లార్డో అయి ఉండాలి. గల్లార్డో 2003లో మొదలై 2013 వరకు తయారైంది. మొదట్లో అందులో 5.0 లీటర్ల వి10 ఇంజిన్ (వి ఆకారంలో రెండు వరుసలుగా పది సిలిండర్లు ఉన్నది) ఉండేది. 2008లో వచ్చిన మార్పులతో ఇంజిన్ 5.2 లీటర్లకు పెరిగింది, వెనుక దీపాల రూపం కూడా అప్పుడే మారింది.

గల్లార్డోలు మొత్తం 14,022 తయారయ్యాయి కాబట్టి మీ రెండో మిత్రుడి వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ వాటిలో అత్యధికం ఈ-గేర్ అనే పద్ధతితో వచ్చినవి. గేర్‌బాక్స్ మాన్యువల్ రకానిదే అయినా, క్లచ్ పెడల్ ఉండదు. స్టీరింగ్ వెనుక ఉన్న మీటలను లాగితే హైడ్రాలిక్ యంత్రాంగం క్లచ్‌ను, గేర్లను తానే నడుపుతుంది. కాలితో క్లచ్ తొక్కి, చేత్తో రాడ్డును ఆ లోహపు చీలికల్లో నడిపించే గల్లార్డోను కోరుకున్న కొనుగోలుదారులు తక్కువ. దాని తరువాత 2014లో వచ్చిన హురాకాన్‌ను రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మాత్రమే అమ్మారు. అంటే గల్లార్డోతోనే ఆ కంపెనీలో మాన్యువల్ గేర్‌బాక్స్ శకం ముగిసింది. కుడివైపు స్టీరింగ్‌తో, మాన్యువల్ గేర్లతో, నడిచే స్థితిలో ఉన్న గల్లార్డోను మన అలిపిరిలో చూడగలిగారంటే మీరు అదృష్టవంతులు. అదే వరుసలో దానికి రెట్టింపు ధర పలికే కొత్త కారు నిలబడి ఉన్నా నా కళ్లు ఈ పసుపు బండి మీదే ఉండేవి.

కాబట్టి నా అభిప్రాయంలో పేరును బట్టి గాని, ధరను బట్టి గాని కారు అరుదైనది కాదు. ఒకే మోడల్‌లో కూడా ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ ఉద్దేశంతో తయారైంది అన్నది చూడాలి. పోర్షే 911నే తీసుకోండి. 1960ల నుంచి తయారవుతున్న ఆ కారు ప్రపంచంలో లక్షల సంఖ్యలో ఉంది. అయినా రేసుల కోసం అనవసరమైన బరువంతా తీసేసి తయారు చేసిన కొన్ని 911లు చూడటానికి కూడా దొరకవు.

శబ్దం గురించి ప్రస్తావించారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చిత్తూరు, పలమనేరు మధ్య రోడ్డు మీద కార్లు కనిపించేది క్షణం సేపే అయినా చెవికి దొరికే సమయం అంతకంటే చాలా ఎక్కువ. ఫెరారీ 458 వంటి కార్లలోని వి8 ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) సమతలంగా ఉంటుంది. అందువల్ల రెండు వైపుల సిలిండర్లలో ఇంధనం వంతులవారీగా పేలుతూ, ఒక్కొక్క వైపు గొట్టంలోకి పొగ సమానమైన ఎడంతో వస్తుంది. ఆ ఇంజిన్ నిమిషానికి 9,000 సార్లు తిరిగే దాకా పోతుంది కాబట్టి శబ్దం పదునుగా, పై స్థాయిలో వినిపిస్తుంది. 2016లో మన దేశంలో విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్‌లోనూ వి8 ఇంజినే ఉన్నా, దాని క్రాంక్‌షాఫ్ట్ అడ్డుకోతలో శిలువ ఆకారంలో ఉంటుంది. అందువల్ల ఒకే వైపున ఉన్న రెండు సిలిండర్లు వెంటవెంటనే పేలడం, తరువాత ఎడం రావడం జరుగుతుంది. ఆ ఎగుడుదిగుడే మనకు గుడగుడమనే మంద్రధ్వనిగా వినిపిస్తుంది. వి12లో క్రాంక్‌షాఫ్ట్ 60 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్ పేలుతుంది కాబట్టి, నాదస్వర విద్వాంసుడు ఊపిరి తెగకుండా పట్టిన స్వరంలాగా ఎక్కడా సందు లేకుండా సాగుతుంది. మీరు విన్న వి10 శబ్దం వి8కి, వి12కి మధ్యలో ఉంటుంది: వి12 అంత నునుపు కాదు, కొంత గరుకుదనం ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ అది కేకగా మారుతుంది. ఒకసారి చెవికి పట్టుబడితే కారు మలుపు తిరగక ముందే దాన్ని గుర్తుపట్టవచ్చు.

పుత్తూరు పాత బాట జవాబు

చిత్తూరు బైపాస్ గారి వివరణ చాలా బాగుంది. నేను వయసులో పెద్దవాణ్ణి కాబట్టి కొంచెం వెనుకటి సంగతులు జోడిస్తాను.

మా యౌవనంలో రోడ్ల మీద కనిపించేవి అంబాసిడర్లు, ఫియట్‌లు, స్టాండర్డ్ హెరాల్డ్‌లు మాత్రమే. విదేశీ కార్ల దిగుమతి మీద ఆంక్షలు గట్టిగా ఉన్న ఆ కాలంలో స్పోర్ట్స్ కారును చూడాలంటే మద్రాసు దగ్గరి షోలవరం వెళ్లవలసిందే. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద అక్కడ రేసులు జరిగేవి. పుత్తూరు నుంచి ఊత్తుకోట మీదుగా బస్సు పట్టుకుని మేము వెళ్లేవాళ్లం. 1980ల తొలినాళ్లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ కంపెనీ ఫార్ములా వన్ కారును అక్కడ నడిపారు. చక్రాలు బయటికి పెట్టుకుని, నేలకు ఆనుకుని పరుగెత్తే అటువంటి యంత్రాన్ని, మార్పులు చేసిన ఫియట్‌లు, హెరాల్డ్‌లు పోటీపడే ఆ రన్‌వే మీద ఊహించుకోండి. ఎండలో, దుమ్ములో నిలబడి చూసిన జనానికి దాని ధర ఎంతో తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఒక యంత్రం ఇలా కూడా ఉండవచ్చునా అన్న విస్మయమే మమ్మల్ని అక్కడికి మళ్లీ మళ్లీ తీసుకువెళ్లింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత రేస్ ట్రాక్ ఏర్పడిన తరువాత షోలవరం చరిత్రలో కలిసిపోయింది.

ఇక అరుదైనది అనగానే అందరూ ఇటలీ వైపే చూడటం నాకు కొంచెం బాధ కలిగిస్తుంది. 1998లో మన దేశపు శాన్ మోటార్స్ కంపెనీ స్టార్మ్ అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును తెచ్చింది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో నుంచి తీసుకున్న 1,149 సీసీ ఇంజిన్. శక్తిలో అది నేటి మామూలు కుటుంబ కారుకు కూడా సరిపోదు. అయినప్పటికీ, స్పోర్ట్స్ కారు అన్న మాటకే మార్కెట్ లేని రోజుల్లో అటువంటిదాన్ని తయారు చేసి అమ్మడానికి ఎంత ధైర్యం కావాలి! చాలా తక్కువ మంది కొన్నారు. మిగిలినవాటిలో నడిచే స్థితిలో ఉన్నవి ఇంకా తక్కువ. కొన్నేళ్ల క్రితం కాణిపాకంలో, వాహన పూజకు వచ్చిన కొత్త కార్ల వెనుక, చెట్టు నీడన ఒక ఎర్రటి స్టార్మ్ నిలబడి ఉండటం చూశాను. యజమాని బెంగళూరు నుంచి దాన్ని స్వయంగా నడుపుకుంటూ వచ్చారు. విడిభాగాలు దొరకక కొన్నింటిని సొంతంగా చేయించుకున్నానని ఆయన చెబుతుంటే, ఆ బండి మీద ఆయనకున్న మమకారం ముఖంలోనే కనిపించింది. గుడికి వచ్చినవారిలో చాలామంది దాన్ని చూడకుండానే పక్క నుంచి వెళ్లిపోయారు. నా దృష్టిలో మన జిల్లాలో నేను చూసిన అత్యంత అరుదైన స్పోర్ట్స్ కారు అదే.

గ్రీజు చేతులు (తిరుపతి) జవాబు

చెన్నైలో ఖరీదైన కార్ల వర్క్‌షాప్‌లో పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో సొంత షెడ్డు నడుపుతున్నాను. పనివాడి వైపు నుంచి ఒకటి రెండు మాటలు.

మన దేశంలోకి దిగుమతి చేసి రిజిస్టర్ చేయించే కారుకు కుడివైపు స్టీరింగ్ ఉండాలి. కొన్ని గొప్ప కార్లు మనకు దూరం కావడానికి ధర ఒక్కటే కారణం కాదు, ఈ నియమం కూడా కారణమే. 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40ని ఎడమవైపు స్టీరింగ్‌తోనే అమ్మారు. పోర్షే కరేరా జీటీ కూడా అంతే. మొత్తం 106 మాత్రమే తయారైన మెక్‌లారెన్ ఎఫ్1లో డ్రైవర్ సీటు సరిగ్గా మధ్యలో ఉంటుంది, ప్రయాణికులు ఇద్దరూ చెరో పక్క కొంచెం వెనక్కి కూర్చుంటారు. ఇటువంటివి ఎప్పుడైనా మన రోడ్ల మీద కనిపించాయంటే, కార్నే అనే పత్రం మీద పరిమిత కాలానికి తీసుకువచ్చినవే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. గడువు తీరగానే వాటిని దేశం దాటించాలి. కాబట్టి విదేశీ నంబరు ప్లేటుతో స్పోర్ట్స్ కారు కనిపిస్తే శ్రద్ధగా చూడండి, అది మళ్లీ ఇటువైపు రాకపోవచ్చు.

తిరుమల ఘాట్ రోడ్డు విషయానికి వస్తే, కొండ దిగేటప్పుడు వాడే మొదటి ఘాట్ రోడ్డు 1944 నాటిది, ఎక్కే రెండో రోడ్డు 1974 నాటిది. ఈ కార్లకు మలుపులు ఇబ్బంది కాదు, నెమ్మదే ఇబ్బంది. పాత ఈ-గేర్ కార్లలో ఉన్నది ఒకే క్లచ్ కాబట్టి, బస్సుల వెనుక ఆగుతూ కదులుతూ ఎక్కితే అది జారుతూ వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. కపిలతీర్థం రోడ్డు గారు చూసిన మాన్యువల్ బండి యజమానికి ఆ విషయంలో కొంత అదుపు ఉంటుంది, ఎందుకంటే క్లచ్ ఆయన కాలి కిందే ఉంది. దిగేటప్పుడు బ్రేకుల వంతు. కార్బన్ సిరామిక్ డిస్కులు ఎంత వేడెక్కినా పట్టు సులభంగా కోల్పోవు. కానీ చల్లగా ఉన్నప్పుడు కీచుమని అరుస్తాయి. ఆ అరుపు విని బండి చెడిపోయిందని జాలిపడనవసరం లేదు. స్పీడ్ బ్రేకర్ వద్ద అటువంటి కారు ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తూ దాటడం చూస్తే వెనుక నుంచి హారన్ కొట్టకండి. కింది భాగం నేలకు తగిలితే కార్బన్ ఫైబర్ పగులుతుంది, అది అతికితే సరిపోయే వస్తువు కాదు.

పలమనేరు గాలి జవాబు

పెద్దలు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, వేలల్లో తయారైన కారును చులకన చేయడం మాత్రం నాకు నచ్చదు. నిస్సాన్ జీటీ-ఆర్‌ను చూడండి. అది సంఖ్యలో అరుదైనదేమీ కాదు. అయినా దాని 3.8 లీటర్ల వి6 ఇంజిన్‌ను మొదటి నుంచి చివరి వరకు ఒకే నిపుణుడు చేత్తో బిగించేవాడు. అతని పేరున్న చిన్న పలకను ఇంజిన్ మీద అమర్చేవారు. మా ఊరి దగ్గర ఒక హోటల్ ముందు ఆగిన జీటీ-ఆర్ యజమానిని అడిగితే, ఆయన టిఫిన్ పక్కన పెట్టి వచ్చి బానెట్ ఎత్తి ఆ పలకను చూపించారు. ఫ్యాక్టరీలో అటువంటి ఇంజిన్లు ఎన్ని బిగించి ఉన్నా, ఆ ఒక్కటి ఆ మనిషి చేతుల మీదుగా వచ్చినదే. సంఖ్యల పట్టికలో ఈ విషయం కనిపించదు.

కపిలతీర్థం రోడ్డు (తిరుపతి)

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేను చూసింది ఏమిటో, అది ఎందుకు విలువైనదో ఇప్పుడు స్పష్టమైంది. ఇంకొక్క సందేహం. తనిఖీ కేంద్రం వంటి చోట ఫోటో తీయడం సరికాదని ఆ రోజు ఊరుకున్నాను. ఇటువంటి కార్లను తీరిగ్గా, ఎవరికీ ఇబ్బంది లేకుండా చూడటానికి మనకు దగ్గరలో ఏ చోటు మంచిది?

చిత్తూరు బైపాస్

మీరు ఫోటో తీయకపోవడం సరైన పని. భద్రతా తనిఖీ జరిగే చోట ఫోన్ పైకెత్తకపోవడమే మంచిది. హైవే మీద బైకుతో వెంబడించి వీడియో తీసేవారిని మా వైపు తరచుగా చూస్తున్నాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, డ్రైవర్ ధ్యాస మళ్లితే ప్రాణాల మీదికి వస్తుంది. బెంగళూరు వైపు నుంచి వచ్చేవారు ఆదివారాల్లో ఉదయం పూట టిఫిన్ కోసం చిత్తూరు, పలమనేరు మధ్య హోటళ్ల దగ్గర ఆగుతుంటారు. బండి ఆగి ఉన్నప్పుడు నమస్కారం పెట్టి అడిగితే కాదన్నవారు నాకు అరుదుగా ఎదురయ్యారు. చేత్తో తాకవద్దు, ఫోటోలో నంబరు ప్లేటు, పిల్లల ముఖాలు రాకుండా చూసుకోండి. మంచి ప్రశ్న ఒకటి అడిగితే చాలు, మిగతాదంతా యజమానే చెబుతారు.

ఇవి పూర్తి వేగంతో పరుగెత్తడం చూడాలంటే మాత్రం పుత్తూరు పెద్దాయన చెప్పిన ఇరుంగాట్టుకోట్టైకే వెళ్లాలి. రేసులు జరిగే వారాంతాల్లో ప్రేక్షకులకు ప్రవేశం ఉంటుందో లేదో ముందుగా కనుక్కుని, చెవులకు దూది పెట్టుకుని, ట్రాక్ పొడవునా కనిపించే చోట కూర్చోండి. మీరు వెళ్లేటప్పుడు ఇక్కడ ఒక మాట రాయండి, నేను కూడా చిత్తూరు నుంచి బయలుదేరతాను.