గోడ దాటిన బంతి హోమ్ రన్నా, అవుటా? పెరటి బేస్‌బాల్ పంచాయతీ

భవానీనగర్ బ్యాటు:

సామీ, ఒక పంచాయతీ తెచ్చినా. తెలిసినోళ్ళు తీర్పు చెప్పండి.

మా ఇల్లు తిరుపతి భవానీనగర్‌లో. వెనకాల పెరడు ఉండాది, పొడవు 60 అడుగులు, వెడల్పు 40కి కొంచెం తక్కువ. సెలవలకని మా అన్న కూతురు న్యూజెర్సీ నుంచి వచ్చింది. వస్తా వస్తా సన్నటి పసుప్పచ్చ ప్లాస్టిక్ బ్యాటు, ఒక తెల్ల బంతి తెచ్చింది. బంతి ఒక సగం నున్నగా ఉంటాది, ఇంకో సగానికి ఎనిమిది పొడుగాటి చిల్లులు. ఆడ దాన్ని విఫిల్ బాల్ అంటారంట, మా పిల్లోళ్ళకు చిల్లుల బంతి. మొదటి రోజు దాంతో క్రికెట్టే ఆడినాం. బంతి ఎటు తిరుగుతాదో వేసినోడికే తెలీదు, వికెట్టు కంటే వైడ్లే ఎక్కువ. రెండో రోజు ఆ పిల్ల మాకు బేస్‌బాల్ నేర్పింది. కొట్టినోడు బేసులనే మూడు గుర్తుల్నీ వరసగా తాకి, మొదలుపెట్టిన చోటికి తిరిగొస్తే ఒక రన్ను. బంతి మైదానం దాటిపోతే హోమ్ రన్, అంటే కొట్టినోడికీ బేసుల్లో ఉండేటోళ్ళకీ తలా ఒక రన్ను.

ఇప్పుడు నాలుగు టీములు, టీముకు ముగ్గురు, ఆదివారం సాయంత్రం 5 నుంచి బంతి కనపడినంత సేపు. ఫస్ట్ బేసు టెంకాయ చెట్టు, సెకండ్ బేసు బట్టలుతికే బండ. థర్డ్ బేసు కావాల్సిన చోట సరిగ్గా తులసికోట ఉండాది. దాన్ని కాలితో తొక్కేదానికి మా అమ్మ ఒప్పుకుంటాదా? అందుకని పక్కనే ఒక పాత చెప్పు పెట్టినాం.

మొన్న ఆదివారం ఆఖరి ఇన్నింగ్స్. రెండు రన్నులు వెనకబడి ఉండారు, ఫస్టులో ఒకడు, సెకండులో ఒకడు. ఇంటర్ చదివే పక్కింటి పిల్లోడు కొట్టిన దెబ్బకు బంతి కుడిపక్క గోడ దాటి అవ్వ వాళ్ళ మిద్దె మీద పడింది. మూడు రన్నులు, గెలిచేసినాం అని వాళ్ళు గెంతుతా ఉండారు. ఇవతల టీమోళ్ళేమో గోడ దాటితే అవుట్, చిన్నప్పట్నుంచీ ఈ వీధిలో అదే రూలు అన్నారు. మా అన్న కూతురు నడుం మీద చేతులు పెట్టుకుని, ప్రపంచంలో యాడైనా హోమ్ రన్ కొడితే అవుటిస్తారా అని అడిగింది. అరగంట అరుచుకున్నారు, చీకటి పడింది.

మీరు చెప్పండి. హోమ్ రన్నా, అవుటా?

మిద్దెమీద మిడాఫ్:

అవుట్. ఇందులో చర్చకేముంది?

కొర్లగుంటలో మేం పదేళ్ళు మిద్దె మీద ఆడినాం. గోడ దాటితే అవుట్ అనే రూలు ఎవురో సరదాకి పెట్టింది కాదన్నా. ఇంట్లో ఉండేది ఒకటే బంతి. అది పక్కింట్లో పడితే ఆట ఆగిపోతాది. వాళ్ళు తలుపు తీయాలి, తిట్టాలి, మనం తల దించుకుని నిలబడాలి. అంత నష్టం చేసినోడికి ఆరు పరుగులు బహుమానం ఎందుకియ్యాలి?

ఇది మన సందుల్లో రూలే అనుకోవద్దు. ఇంగ్లండులో సౌత్‌విక్ అండ్ షోర్‌హామ్ అని 1790లో పుట్టిన క్రికెట్ క్లబ్బుంది. చుట్టుపక్కల ఇళ్ళోళ్ళ కిటికీలు, కార్లు దెబ్బ తింటా ఉన్నాయని 2024లో సిక్సర్లు నిషేధించింది. మొదటి సిక్సుకు పరుగుల్లేవు, రెండోదానికి అవుట్. క్రికెట్ పుట్టిన దేశంలోనే మన భవానీనగర్ రూలు పెట్టుకున్నారు.

పిచ్చర్ అక్క:

నేను కాలేజీ రోజుల్లో బేస్‌బాల్ లాంటిదే, సాఫ్ట్‌బాల్ ఆడాను, పిచ్చర్‌ని, అంటే బంతి వేసే మనిషిని. మిడాఫ్ తమ్ముడూ, నువ్వు చెప్పేది క్రికెట్‌కు సరే. క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ గంటసేపు నిలబడి నేల మీద కొట్టుకుంటూ పరుగులు తీసుకోవచ్చు. బేస్‌బాల్‌లో మూడు స్ట్రైకులే, అంటే కొట్టాల్సిన బంతి మూడుసార్లు తప్పితే అవుట్. దానికి తోడు తొంభై డిగ్రీల గీతల మధ్యే కొట్టాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య బలంగా కొట్టినవాడికి దొరికేది హోమ్ రన్ ఒక్కటే, అది కూడా తీసేస్తే పిల్లలు బ్యాటు ఊపడమే మానేసి వాక్ కోసం, అంటే తప్పు బంతులు నాలుగు పడితే ఊరికే దొరికే ఫస్ట్ బేసు కోసం, కాచుకు కూర్చుంటారు.

అయినా ఈ గొడవ రాకూడదనే కదా ఆ బంతి పుట్టింది! 1953లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, ఫెయిర్‌ఫీల్డ్ ఊళ్ళో డేవిడ్ ములానీ అనే ఆయన పన్నెండేళ్ళ కొడుకు ఇంటి పెరట్లో చీపురు కర్రతో, చిల్లుల ప్లాస్టిక్ గోల్ఫ్ బంతితో ఆడుకునేవాడు. మామూలు బంతితో ఆడితే కిటికీలు మిగలవు, జాగా చాలదు. ఆ చిన్న బంతిని వంకర తిప్పి వేసీ వేసీ పిల్లాడికి చెయ్యి లాగేసేది. తండ్రి ఒకప్పుడు పిచ్చరే. సెంటు సీసాల ప్యాకింగుకు వాడే గుండ్రటి ప్లాస్టిక్ డొప్పలు తెచ్చి రకరకాలుగా చిల్లులు కోసి కొడుక్కిచ్చాడు. ఒకవైపు మాత్రమే ఎనిమిది చిల్లులున్నది బాగా తిరిగింది. బ్యాటు ఊపి బంతి తగలక అవుటైతే పిల్లలు 'విఫ్' అనేవాళ్ళు, పేరు దాన్నుంచే వచ్చింది.

చిల్లుల్లోంచి గాలి దూరి బంతిని పట్టి లాగుతుంది, ఎంత గట్టిగా కొట్టినా ఎక్కువ దూరం పోదు. దాంతో ఇంటర్ పిల్లాడు గోడ దాటించి మిద్దె మీద పడేశాడంటే నేను లేచి చప్పట్లు కొడతాను. అందుకే అడుగుతున్నాను, ఆ రోజు ఆడింది చిల్లుల బంతితోనేనా?

భవానీనగర్ బ్యాటు:

అక్కా... పట్టేసినారు.

చిల్లుల బంతి రెండో వారమే పగిలింది. రెండు చిల్లుల మధ్య సన్నటి పట్టీ ఉంటాది కదా, ఆడ చీలింది. టేపు చుట్టినాం, ఇంకో రోజు వచ్చింది. ఆ తర్వాత గాంధీ రోడ్డులో ముప్పై రూపాయలకు మామూలు ప్లాస్టిక్ బంతి కొనుక్కొచ్చినాం. గట్టిది, చిల్లుల్లేవు.

పిచ్చర్ అక్క:

ఇంకేం. బంతి మార్చి రూలు మార్చలేదు. ఆ గట్టి బంతితో ఆ పెరట్లో ఎవరైనా గోడ దాటిస్తారు, నేనైతే కూర్చుని దాటిస్తాను.

మిద్దెమీద మిడాఫ్:

చూసినారా. అవుట్.

చిత్తూరు కోడలు:

నేను గోడకు అవతలి పక్క మనిషిని. మీ గోడ కాదులే, చిత్తూరులో మా గోడ. మీరంతా హోమ్ రన్నా, అవుటా అంటా ఉండారు, మా తట్టు చూసినోళ్ళు ఒక్కరూ లేరే.

మా అత్త మిద్దె మీద చెనిక్కాయలు ఆరబోసుకుంటాది. బంతి వచ్చి పడితే ఏం కాదు, ప్లాస్టిక్‌దే కదా. బంతి కోసం వచ్చే కాళ్ళతోనే కష్టం. అడక్కుండా గోడెక్కి దూకేది, చెనిక్కాయలు తొక్కుకుంటా పొయ్యేది. పోయినేడు ఒక పిల్లోడు గోడ మీద పాతిన గాజుపెంకులకు అరచెయ్యి కోసుకున్నాడు, నాలుగు కుట్లు పడినాయి. వాళ్ళమ్మ వచ్చి మమ్మల్నే తిట్టి పాయె, గాజుపెంకులు ఎందుకు పెట్టినారని.

ఏ రూలన్నా పెట్టుకోండి. కొట్టినోడే తిరిగొచ్చి, గేటు కాడ నిలబడి, పిలిచి అడిగి బంతి తీసుకుపోవాల. గోడెక్కినోడి టీము ఆ రోజు మ్యాచి ఓడిపోయినట్టే. ఈ ఒక్కటి రాసుకోండి ముందు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:

అమ్మాయి చెప్పిన షరతుకు నా ఓటు. మిగతా వాళ్ళు రెండు జవాబుల మధ్యే కొట్టుకుంటున్నారు, మూడోది ఒకటుంది.

బేస్‌బాల్‌కు తొలి రాతపూర్వక నిబంధనల్లో పేరున్నవి 1845లో న్యూయార్క్‌లో నికర్‌బాకర్ క్లబ్ రాసుకున్నవి. వాటిలో పదో నిబంధన ప్రకారం మైదానం దాటి బయట పడిన బంతి ఫౌల్. హోమ్ రన్నూ కాదు, అవుటూ కాదు, ఆ దెబ్బ లెక్కలోకి రాదంతే. ఆ క్లబ్బు వాళ్ళు ఆడింది నది అవతల హోబోకెన్‌లో, అది న్యూజెర్సీయే. ప్రపంచంలో యాడైనా అని అడిగిన మీ అన్న కూతురికి, ఇంకెక్కడో కాదు తల్లీ, మీ రాష్ట్రంలోనే అని చెప్పండి.

అవే నిబంధనల్లో ఇంకో తమాషా ఉంది. ఒక పిచ్ పడి లేచిన బంతిని పట్టుకున్నా అవుటే. మన వీధుల్లో ఒంటిచేత్తో ఒన్‌పిచ్ క్యాచ్ అంటామే, అదే. 1860ల దాకా వాళ్ళూ అలాగే ఆడారు, తర్వాత అది చేతకానివాళ్ళ క్యాచ్ అని తీసేశారు. మీ పెరట్లో ముగ్గురే ఫీల్డర్లు కాబట్టి దాన్ని ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

టెంకాయ చెట్టు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి, లేకపోతే వచ్చే వారం దాని మీద ఇంకో పంచాయతీ. ఇంగ్లండులోని కాంటర్‌బరీలో కెంట్ క్రికెట్ జట్టు ఆడే మైదానంలో బౌండరీ లోపలే ఒక పెద్ద చెట్టుండేది. దానికి బంతి తగిలితే నాలుగు పరుగులని అక్కడి రూలు. 2005లో గాలివానకు కూలిపోయే దాకా అలాగే ఆడారు.

జీవకోన జోకర్:

మాస్టారూ, టెంకాయ చెట్టుకు తగిలితే ఎంత అనేది కాదు, తగిలినాక టెంకాయ కింద పడితే ఎవురికి అనేది అసలు సమస్య.

నాకొక డౌటు. పరిగెత్తేటోడిని బంతితో కొట్టి అవుట్ చెయ్యొచ్చా? ఏడు పెంకులాటలో మాదిరి. మా పిల్లోళ్ళు అదే కావాలంటా ఉండారు.

పిచ్చర్ అక్క:

జోకర్ తమ్ముడూ, పాతకాలంలో అమెరికాలో కొన్ని ఊళ్ళలో అట్లాగే ఆడేవాళ్ళు. మాస్టారు చెప్పిన నికర్‌బాకర్ రూల్సే దాన్ని ఆపేశాయి. అప్పట్నుంచీ బంతి గట్టిదైంది. ఆ తర్వాత మనిషికి తగిలితే ఎముకే. మీది చిల్లుల బంతి అయితే నడుముకు కింద కొట్టుకోండి, ఆ ముప్పై రూపాయల బంతితో మాత్రం వద్దు. కంటికి తగిలితే ఏ రూలూ పనికిరాదు.

అసలు విఫిల్ బాల్ వాళ్ళ సొంత రూల్సులో పరుగే లేదు. బంతి ఏ గీత దాటితే సింగిల్, ఏ గీత దాటితే డబుల్ అని ముందే గీసుకుంటారు, బేసుల మీద ఊహామనుషులు ఉన్నట్టు లెక్క.

జీవకోన జోకర్:

ఊహామనుషులా? ఊహామనిషి థర్డ్ బేసులో ఉండాడా, సెకండులోనా అని మావోళ్ళు రాత్రి పది దాకా కొట్టుకుంటారక్కా. కనపడే మనుషులతోనే కుదరడం లే.

భవానీనగర్ బ్యాటు:

నాలుగు టీములోళ్ళనీ మిద్దె మీద కూర్చోబెట్టి మీరు రాసిందంతా చదివి వినిపించినా. పరుగు మాత్రం తీసేది లేదన్నారు, బట్టలుతికే బండ మీదికి ఎగిరి దూకేదే వాళ్ళకు ఆటంట.

గోడ సంగతి ఇట్లా తేలింది. ఎదురుగా ఉండేది సందు, ఆ గోడ దాటితే హోమ్ రన్. కుడిపక్క అవ్వ వాళ్ళ గోడ దాటితే మాస్టారు చెప్పినట్టు ఫౌల్. అంతలో ఎనిమిదో క్లాసు పిల్ల ఒకటి లేచి, రెండు స్ట్రైకుల తర్వాత ఫౌల్ కొడితే అవుట్ లేదు కదా, అట్లయితే మనిషి నిలబడి బంతులన్నీ అవ్వ మిద్దె మీదికే కొడతా ఉండొచ్చు కదా అనింది. నిజమే. అందుకని మిడాఫ్ అన్న చెప్పిన ఇంగ్లండు రూలు కలిపినాం, ఒకే మ్యాచిలో ఒక మనిషి రెండోసారి అవ్వ గోడ దాటిస్తే అవుట్. గోడెక్కితే మ్యాచి పాయె, గేటు కాడ పిలవాల. ఇది చిత్తూరు అక్క పేరుతోనే నోటుబుక్కులో రాసినాం.

టేపు చుట్టిన చిల్లుల బంతి మళ్ళీ తీసినాం. ఒక పక్క బరువైపోయి ఇప్పుడు ఇంకా దొంగగా తిరుగుతా ఉంది. మా అన్న పార్సిల్లో నాలుగు పంపిస్తానన్నాడు. గంగమ్మ జాతర వారం ఆట లేదు, ఆ తర్వాత కొత్త బంతులతో.

మిద్దెమీద మిడాఫ్:

అంతా బాగుంది గానీ, ఆ పిల్లోడి మూడు రన్నులు ఇచ్చినారా, లేదా? అది చెప్పలే నువ్వు.

భవానీనగర్ బ్యాటు:

పెన్సిల్‌తో రాసి పెట్టినామన్నా. వాడు వచ్చి రోజూ పెన్నుతో దిద్దిపోతా ఉండాడు, అవతల టీమోళ్ళు వైట్‌నర్ పూస్తా ఉండారు.