9 గ్రేకి 12వ రోజు చనిపోతున్న చిట్టెలుకలు: ఇది పేగు దెబ్బేనా?

ప్రశ్న:

నమస్కారం. 10 వారాల సి57బిఎల్/6 (ల్యాబుల్లో వాడే ఒక జాతి) మగ చిట్టెలుకలకు సీజియం-137 యంత్రంలో ఒంటి మొత్తానికి 9 గ్రే (గ్రే అంటే ఒంట్లోకి ఇంకిన రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇచ్చాం. మందు లేని గుంపు మొత్తం పోయింది, మందు ఇచ్చిన గుంపులో 30వ రోజుకి సగానికి పైగా మిగిలాయి. చావులన్నీ 11–15 రోజుల మధ్యే. మందు పేగును కాపాడిందని రాయొచ్చా? ఇంకో చిక్కు: జెజునం (చిన్న పేగు మధ్య భాగం) సెక్షన్లలో క్రిప్టులు (పేగు గోడలో కొత్త కణాలు పుట్టే చిన్న గుంటలు) లెక్కపెడితే ఒకే జంతువులో ఒకచోట 110, పక్క ముక్కలో 50 వస్తున్నాయి.

జవాబు:

రాయకండి. చావు వచ్చిన రోజులే విషయం చెప్పేస్తున్నాయి. చిట్టెలుక చిన్న పేగు లోపలి పొర 3–5 రోజుల్లో కొత్తదైపోతుంది. క్రిప్టులు కణాలు ఇవ్వడం మానేస్తే విల్లస్ (పేగు లోపలి వేలులాంటి మొలక) పైనుంచి అరుగుతూ వచ్చి గోడ బోడిగా మిగులుతుంది. నీరు, లవణాలు కారిపోతాయి, బాక్టీరియా లోపలికి దూరుతుంది. అందుకే పేగు దెబ్బతో వచ్చే చావు దాదాపుగా 5–10 రోజుల మధ్య ఉంటుంది. 11–15 రోజులంటే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అడుగంటిన సమయం. మీ మందు రక్తకణాలు తయారుచేసే ఎముక మజ్జకి మేలు చేసి ఉండొచ్చు. అదీ విలువైన ఫలితమే, కానీ పేగు గురించి అది ఏమీ చెప్పదు. పైగా క్రిప్టులో బీజంలాంటి కణం (స్టెమ్ సెల్) ఒక్కటి మిగిలినా అది మళ్ళీ లేస్తుంది కాబట్టి 9 గ్రే దగ్గర క్రిప్టు లెక్క అంతగా పడిపోదు, మందుకి తేడా చూపించే చోటే ఉండదు.

అలాగని ఒంటి మొత్తానికి 14 గ్రేకి పెంచితే సరిపోదు. మజ్జ పూర్తిగా పోతుంది కాబట్టి పేగు కోలుకున్న జంతువు కూడా తర్వాత చచ్చిపోతుంది. అదే జాతి చిట్టెలుక మజ్జ కణాలు తోక సిరలోకి ఎక్కించడం ఒక దారి. నా ఓటు మాత్రం వెనక కాలు ఒకటి సీసం చాటున పెట్టి మిగతా ఒంటికి మోతాదు ఇవ్వడానికే. ప్రమాదాల్లో మనుషులకీ మోతాదు ఒళ్ళంతా సమంగా పడడం అరుదు, ఎంతో కొంత మజ్జ మిగులుతుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు సీసం మందంలో. తక్కువ కిలోవోల్టుల ఎక్స్‌రేకి కొద్ది మిల్లీమీటర్ల రేకు చాలు. సీజియం గామా సగానికి తగ్గడానికే సుమారు 6.5 మి.మీ. సీసం కావాలి. 5 సెం.మీ. దిమ్మె పెడితే నేరుగా వచ్చేది 1 శాతం లోపుకి దిగుతుంది. అయినా ఒంట్లోంచి, దిమ్మె అంచుల నుంచి చెదిరి వచ్చే కిరణాలు ఉంటాయి కాబట్టి ముందు చిట్టెలుక నమూనా బొమ్మలో చిన్న డోసిమీటర్లు (మోతాదు కొలిచే పరికరాలు) పెట్టి పొట్ట మధ్యలోనూ కాలి దగ్గరా కొలవండి.

వేరేవాళ్ళ మోతాదుని నేరుగా తెచ్చుకోకండి. అదే గ్రేకి ఎక్స్‌రే దెబ్బ గామా కంటే ఎక్కువ. 11 నుంచి 16 గ్రే దాకా ఒక్కో గ్రే చొప్పున, గుంపుకి 8–10 జంతువులతో మీ యంత్రం, మీ జంతువుల గీత (ఏ మోతాదుకి ఎన్ని చస్తాయో చూపే గ్రాఫు) మీరే గీసుకోవాలి. మోతాదు వేగం నిమిషానికి ఎంతో కూడా రాసిపెట్టండి. బాల్బ్/సి జాతికి మారితే మళ్ళీ మొదటికే, వాటికి రేడియేషన్ తట్టుకునే శక్తి తక్కువ.

మరో జవాబు:

పై మాటకి ఒకటి కలుపుతాను. కాలు కదలకుండా ఉండాలంటే మత్తు తప్పదు. కెటమిన్–జైలజిన్ ఇస్తే ఒళ్ళు చల్లబడుతుంది, ఊపిరి మందగిస్తుంది. ఆక్సిజన్ తగ్గిన కణజాలానికి రేడియేషన్ దెబ్బ తక్కువ తగులుతుంది. కాబట్టి వెచ్చదనం ఏర్పాటు చేయండి, రేడియేషన్ ఇవ్వని గుంపుకీ అదే మత్తు అంతే సేపు ఇవ్వండి.

ఇక 110, 50 తేడా. అది జీవశాస్త్రం కాదండీ, కోత వంకర. క్రిప్టు లెక్కకి పేగును రేడియేషన్ ఇచ్చాక 84–96 గంటల మధ్య తీయాలి. చంపిన కొద్ది నిమిషాలకే విల్లస్ కొసలు కరగడం మొదలవుతుంది, అందుకని ఒక్కొక్క జంతువుని పూర్తి చేశాకే తర్వాతదాన్ని ముట్టుకోండి. మొద్దు మొన సూదితో చల్లటి సెలైన్ మెల్లగా పంపండి, ఒత్తితే పొర ఊడి వస్తుంది. పైలోరస్ (జీర్ణాశయం పేగులోకి తెరుచుకునే చోటు) నుంచి ప్రతి జంతువులోనూ అదే దూరంలో జెజునం తీసి, 1 సెం.మీ. ముక్కలు పది కోయండి. వాటిని అగ్గిపుల్లల కట్టలా పక్కపక్కనే నిలువుగా పేర్చి, చుట్టూ కాగితపు సర్జికల్ టేపు నలగకుండా చుట్టండి. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో ఒక రోజు, తర్వాత 70 శాతం ఆల్కహాల్. కట్టని పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి, కోసిన ముఖం కిందికి ఉండేలా మైనంలో నిలబెడితే ఒకే స్లైడులో పది గుండ్రటి కోతలు కనిపిస్తాయి. గోడ ఒకపక్క పల్చగా, ఇంకోపక్క మందంగా ఉన్న చుట్టుని, పేయర్ ప్యాచ్ (పేగు గోడలోని రోగనిరోధక కణాల గుంపు) ఉన్న చుట్టుని లెక్కలోంచి తీసేయండి.

కనీసం 10 ఆరోగ్యమైన కణాలుంటేనే అది బతికిన క్రిప్టు. పేనెత్ కణాలు ఇందులోకి రావు. అవి విభజన చెందవు కాబట్టి రేడియేషన్ తర్వాతా మెరిసే రేణువులతో అడుగున కూర్చుని ఉంటాయి, చచ్చిన క్రిప్టుని బతికినట్టు చూపిస్తాయి. కోయడానికి 2 గంటల ముందు బిఆర్‌డియు (విభజన చెందే కణాల్లోకి చేరే గుర్తు రసాయనం) ఒంటి బరువు కిలోకి 100 మి.గ్రా. ఇస్తే ఈ అనుమానం తీరుతుంది. కోలుకునే క్రిప్టు మామూలుదానికంటే లావు, కాబట్టి కోతలో కనబడే అవకాశమూ ఎక్కువ. జంతువుకి పది క్రిప్టుల వెడల్పు కొలిచి, రేడియేషన్ ఇవ్వని జంతువుల మామూలు వెడల్పుని దానితో భాగించి, వచ్చినదానితో లెక్కని గుణించండి. గుంపు ఏదో తెలియనివాళ్ళే లెక్కపెట్టాలి. గణాంకాల్లో ఒక జంతువు అంటే ఒక్క అంకె, పది చుట్లు పది జంతువులు కావు.

అడిగినవారు:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలండీ. పేగు లీకు కూడా చూద్దామని 4 కిలోడాల్టన్ ఫ్లోరెసెంట్ డెక్స్‌ట్రాన్ (పేగు లీకైతే రక్తంలో కనిపించే, మెరిసే రంగు కట్టిన చక్కెర గొలుసు) నోటి ద్వారా ఇస్తే అంకెలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. నీళ్ళలో యాంటీబయాటిక్ కలపొచ్చా?

జవాబు:

రేడియేషన్ తర్వాత జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. తిన్నది లోపలే ఉంటే రంగు పేగుకి ఆలస్యంగా చేరుతుంది. 4 గంటలు మేత తీసి, తర్వాత ఆ రంగు ఇచ్చి, అందరికీ ఒకే వ్యవధికి రక్తం తీయండి. ఎర్రకణాలు పగిలి ఎర్రబడ్డ సీరం పనికిరాదు, ఆ రంగు వెలుగుని మింగేస్తుంది. గొట్టాలకి రేకు చుట్టండి. ప్రామాణిక గీతని నీళ్ళలో కాకుండా మామూలు చిట్టెలుక సీరంలోనే కట్టండి. తోడుగా రక్తంలో సిట్రులిన్ (ఒక అమైనో ఆమ్లం) చూస్తే మంచిది. దాన్ని ఎక్కువగా తయారుచేసేది పేగు కణాలే, పొర పోతే అదీ పడిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతింటే మాత్రం పెరిగి కనిపిస్తుంది.

యాంటీబయాటిక్ ఇస్తే బాక్టీరియా వల్ల చావు తగ్గుతుంది, మీ గీత మొత్తం జరుగుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది మోతాదు గీత గీయకముందే తేల్చుకుని, అన్ని గుంపులకీ ఒకేలా చేయండి. తడి మేత పంజరం నేల మీదే పెట్టండి, నీరసించినవి పైకి అందుకోలేవు. 4 నుంచి 10వ రోజు దాకా రోజుకి మూడుసార్లు చూడండి, రాత్రి ఒకసారి తప్పనిసరి. బరువు, వంగిన నడుము, చల్లబడ్డ ఒళ్ళు, కదిపినా లేవకపోవడం, వీటికి మార్కులు ముందే రాసుకుని, హద్దు దాటినదాన్ని బాధ పెట్టకుండా చంపి ఆ గంటని నమోదు చేయండి. ఎవరూ లేని వేళ చచ్చి పడి ఉన్న జంతువు పేగు సెక్షన్‌కి పనికిరాదు, అది పడిన బాధకి మనదే బాధ్యత.

మరో జవాబు:

నెలల తర్వాత పేగు గట్టిపడటం, సన్నబడటం మీ ప్రశ్న అయితే ఈ నమూనా సరిపోదు. అప్పటికి ఇవి చాలావరకు బతికి ఉండవు. దానికి ఎలుకల్లో పేగు మడత ఒకదాన్ని శస్త్రచికిత్సతో వృషణాల సంచిలోకి దింపి, ఆ ఒక్క మడతకే మోతాదు ఇచ్చే పద్ధతి ఉంది.